పుచ్చు వంకాయల పాఠం

పొద్దున ఆరింటికి కోడలు పెరట్లో గొంతుక్కూర్చుని వంకాయ మొక్కలకు వంకాయలు కడుతోంది. కాసినవి కావు, కొన్నవి. దుకాణంలో ఏరి ఏరి తెచ్చిన నిగనిగలాడే కాయలు. తొడిమకు ఆకుపచ్చ దారం చుట్టి, కొమ్మకు ముడేసి, పైన ఆకు అడ్డం పెడుతోంది. ఇది మోసం. దీనికి ఇంకో పేరు వెతకనక్కర్లేదు.

బస్సు డ్రైవరైన భర్త పళ్లు తోముకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. "నీళ్లక్కర్లేదు, ఎరువక్కర్లేదు. ఈ సాగేదో బాగుందే," అన్నాడు.

"మీరు అత్తయ్యను పదింటిదాకా ఇటు రానివ్వకండి, చాలు."

ఆమె తొందర ఆమెది. పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసుకునే మనిషికి ఏడాదిగా ఒకటే పిచ్చి. నేల చెడకుండా పంట ఎలా తీయాలో బడిపిల్లలకు చూపే వీడియోలు తీయాలి, బళ్లకు ఊరికే ఇవ్వాలి. అందుకు విరాళాల పేజీ తెరిచింది. గడువు ఈ సాయంత్రం ఆరు. అనుకున్నంత చేరకపోతే వచ్చిందంతా ఇచ్చినవాళ్లకే వెనక్కి పోతుంది. ఇంకా పావువంతు తక్కువుంది. పదింటికి లైవ్ పెట్టి అత్తగారి తోట చూపిస్తే నిండుతుందని ఆశ. తీరా వారం నుంచి కాయలన్నిటినీ పురుగు తొలిచేస్తోంది.

అత్తగారు పాతికేళ్లు కౌలు చేలో కూరగాయలు పండించి మార్కెట్లో అమ్మిన మనిషి. తూచాక గుప్పెడు ఎక్కువ వేస్తుందని అక్కడ అందరూ కొసరమ్మ అనేవారు. ఇప్పుడు ఈ పెరడే ఆమె చేను, వీడియోల్లో పాఠం చెప్పేదీ ఆమే.

పదయింది. మూడొందల మంది చూస్తున్నారు. కొసరమ్మ ఉత్సాహంగా మట్టి గురించి మొదలుపెట్టి, కోయడానికి కత్తి తీసి ఓ కాయ పట్టుకుంది. పట్టుకోగానే మాట ఆగిపోయింది. తొడిమ ఎండి నల్లబడి ఉంది. వేలికి దారం తగిలింది. కాయను తిప్పి చూసింది, కోడలి వంక చూసింది, కత్తి కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. కోడలు గబుక్కున ఫోన్ ఆపేసింది.

వంటింట్లో అత్తగారు అటు తిరిగి నిలబడి ఉంది. కోడలు బతిమాలింది, గడువు గుర్తుచేసింది, ఏడాది కష్టం ఏకరువు పెట్టింది. చివరికి కసిరింది కూడా. "పుచ్చు కాయలు చూపిస్తే ఎవరిస్తారు అత్తయ్యా?"

అత్తగారు ఇటు తిరిగింది. "పాతికేళ్లు గంప నెత్తిన పెట్టుకుని తిరిగాను. అడుగున పుచ్చులు పోసి పైన మంచివి పేర్చిన రోజు ఒక్కటి లేదు. నువ్వు నా మొక్కల చేతే అబద్ధం చెప్పించావు."

"మరి పురుగు పట్టిందిగా, నేనేం చేయను?"

"పురుగే పట్టకపోతే పాఠం దేనికే?"

కోడలికి చెంప పగిలినట్టయింది. తిన్నగా పెరట్లోకి నడిచి, మళ్లీ లైవ్ పెట్టింది. ఈ కాయలు కొన్నవని, కట్టింది తనేనని, అత్తగారికి ఏ పాపం తెలియదని చెప్పింది. దారాలన్నీ తెంపింది. మొక్కకున్న పుచ్చు కాయ కోసి, లోపల కదులుతున్న పురుగును ఫోన్ ముందు పెట్టింది. పేజీలో అంకె దిగడం మొదలైంది. కొందరు తిట్టి మరీ వెనక్కి తీసుకున్నారు. ఇంతలో ఒక బడి పంతులుగారు రాశారు: మా పిల్లల తోటలోనూ ఇదే పురుగు, ఏం చేయాలమ్మా?

"నాకు తెలియదండీ," అంది కోడలు.

"కాయ వదిలెయ్, కొమ్మ చివర్లు చూడు." అత్తగారు వెనకే నిలబడి ఉంది. "తల వాలినవి కనబడుతున్నాయా? పురుగు అక్కడే దూరేది. కొంచెం కిందికి తుంచు. ఎరువు గుంటలో వేయకు, సబ్బు నీళ్లలో ముంచు."

ఇక సాయంత్రం దాకా ఆమెను ఆపేవాళ్లు లేరు. కోడలు తుంచుతుంటే ఆమె చెబుతూనే ఉంది, అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. చూసేవాళ్లు వేలు దాటారు. ఎండ పడకుండా భర్త గొడుగు పట్టుకుని, ఫోన్‌లోకి తొంగిచూస్తూ, పెరిగిందంటూ చిన్నపిల్లాడిలా గెంతుతున్నాడు. మూడు బళ్లు పిల్లల చేత తలా కొంత వేయించి పంపాయి. ఆరుకు పన్నెండు నిమిషాలుందనగా పేజీ నిండింది.

కోడలు మట్టిలోనే చతికిలబడి ఏడ్చేసింది. సంతోషమో సిగ్గో ఆమెకే తెలియదు. లైవ్ ఇంకా నడుస్తూనే ఉంది. ఎవరో అడిగారు, ఆ పక్కనున్నావిడ మీ కూతురా అని.

కొసరమ్మ వంగి కోడలి రెక్క పట్టి లేపింది.

"కోడలు. తెలియదని చెప్పడం ఇవాళే వచ్చింది. మిగతాది నేను నేర్పుకుంటాలే."