నారింజ రంగు బెండ్లు

మెర్లిన్‌ను చంపింది సముద్రం కాదు, ఆమె మొగుడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఆ మొగుడు క్రీస్తుదాసు. అతనూ అదే చెప్పాడు.

ఆమె మొదటిసారి మైపాడు వచ్చిన రోజు సన్నగా వాన. నెల్లూరులో ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం. వలల షెడ్డు కింద నిలబడి జాలర్లకు చెప్పింది.

“బంగాళాఖాతంలో చిన్న పడవలవాళ్ల కోసం ముందు ఒక ప్రోగ్రామ్ నడిచింది. అది ఆగిపోకూడదని 2003లో ఇండియా, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు కలిసి దాన్నే సంస్థగా పెట్టుకున్నాయి. ఆఫీసు చెన్నైలోనే.”

“నాలుగు దేశాలొచ్చి మా వల లాగతాయా మేడమ్?” అన్నాడు క్రీస్తుదాసు. అందరూ నవ్వారు.

“చేపకు బార్డర్ లేదు, తుఫానుకూ లేదు. ఒక్క దేశంతో అయ్యే పని కాదు. చేపా మిగలాలి, మీరూ మిగలాలి.” నారింజ రంగు లైఫ్ జాకెట్ తెచ్చి అతని మెడలో వేసింది. “ముందు మీరు మిగలండి.”

“దండేసినారు! ఇంక పెళ్లే మేడమ్.”

ఆమె కోపంగా చూసింది. తల తిప్పుకుని నవ్వుకోవడం అతను చూశాడు.

ఆరు నెలలకు చర్చి గేటు దగ్గర అడిగాడు.

“జాకెట్ లేకుండా సముద్రంలోకి పోకూడదు. ఒప్పుకుంటేనే పెళ్లి,” అంది మెర్లిన్.

“యేసయ్య మీద ఒట్టు.”

“ఆయన్నెందుకు లాగతావు? నా మీద వెయ్యి.”

వేశాడు. అప్పటికే జాకెట్ లేదు. బరువని, ఉక్కని విసుక్కుని, లోపలి స్పాంజి ముక్కలుగా కోసి వల తేలడానికి బెండ్లుగా కట్టేశాడు. పాత చెప్పుల్నీ అట్లాగే కోసి కట్టేవాడు. అదొక తప్పని తోచనే లేదు.

పెళ్లయ్యాక ఆమె ఉద్యోగం మానేసింది. మూడో నెలలో ఒక పొద్దున తనూ పడవెక్కింది.

“దాసూ, జాకెట్ నాకియ్యి. నీకు ఈతొచ్చుగా.”

“ఇంట్లో మర్చిపోయినా. ఎంత దూరం పోతాంలే, నేను లేనా?”

నమ్మింది. వల కుప్ప మీద కూర్చుంది. కాసేపటికి ఆమె వేళ్లకు నారింజ ముక్క ఒకటి తగిలింది.

“ఇవేంది దాసూ?”

అతను నోరు తెరిచేలోగా అల పడవను తిరగేసింది. అతని చేతికి వల దొరికింది. బెండ్లు అతన్ని తేల్చాయి. మెర్లిన్ దొరకలేదు.

రెండేళ్లకు, మెర్లిన్ వదిలిన ఉద్యోగంలో చేరిన అబిగయీలు వచ్చి, జరిగింది జాలర్లకు చెప్పమని బతిమాలింది. క్రీస్తుదాసు పంచాయతీ ఆఫీసులో జాలర్ల ముందు నిలబడి, ఒట్టుతో సహా, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎవరూ ఓదార్చలేదు. అతనికి కావలసిందీ అదే.

“పక్క ఊళ్లో కూడా చెప్పండన్నా. నలుగురు బతుకుతారు,” అంది అబిగయీలు బయటికొచ్చాక.

“నువ్వు చెప్పుకో, నా పేరు పెట్టి చెప్పు. నన్ను మాత్రం ఇంక అడగొద్దమ్మా. చచ్చేదాకా ఈ మాట మళ్లీ ఎత్తను.”