పడకుండా వచ్చిన వాపు

ఆదివారం వచ్చిందంటే వడమాలపేటలో సుబ్రమణ్యం కట్టు కట్టే కొట్టం దగ్గర జనం తిరనాళ్లకొచ్చినట్టు ఉంటారు. చెయ్యి విరిగినవాళ్లు, బండి మీద నుంచి పడి కాలు బెణికినవాళ్లు, వాళ్లను మోసుకొచ్చినవాళ్లు. లోపల ఆయన పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కడుతుంటే, గుమ్మం దగ్గర కూతురు కోమలి ఒక్కొక్కరినే లోపలికి పంపుతుంది. డిగ్రీ చదివిన పిల్ల. నోరు మాత్రం చదువుకంటే ముందే వచ్చింది.

ఆ రోజు కుంటుకుంటూ వచ్చిన కుర్రవాడి ముఖం కూడా ఆమె చూడలేదు. "కాలు బల్ల మీద పెట్టప్పా, సూస్తారు" అంది.

అతను బల్ల మీద కూర్చుని, ప్యాంటు మోకాలి దాకా మడిచి, కాలు ఊడదీసి ఆమె ముందు పెట్టాడు. బూటు కూడా దాంతోనే వచ్చింది. పక్కనున్న ముసలామె "గోవిందా" అని రెండడుగులు వెనక్కి జరిగింది.

ఎప్పుడు పడ్డావని అడగబోయి కోమలి ఆ కాలి వైపే చూసింది. అడగకపోయినా అతనే చెప్పాడు.

"పడలేదు. నాకు పదేండ్లప్పుడు, పడకుండానే వాచింది. ఆ సంగతే మాట్లాడాలని వచ్చినా."

అతని పేరు మునిచంద్ర. తిరుపతిలో కృత్రిమ కాళ్లు తయారుచేసే చోట పని. చిన్నప్పుడు ఎముక క్యాన్సరొచ్చి కాలు పోయింది, ప్రాణం దక్కింది. సెలవు దొరికితే ఆసుపత్రిలో పిల్లల క్యాన్సర్ వార్డుకు పోయి, కాలు తీసేసిన పిల్లలకు నడక నేర్పుతాడు, మిగతావాళ్లతో క్యారమ్స్ ఆడి నిజంగానే ఓడిపోతాడు. ఆదివారాలు కట్టు కట్టే చోట్లకు తిరిగి ఒకటే మాట చెబుతాడు. పిల్లలు పడకుండానే కాలో చెయ్యో వాచి, రాత్రుళ్లు నొప్పికి ఏడుస్తుంటే కట్టు కట్టకండి, ఎక్స్‌రేకు పంపండి అని.

సుబ్రమణ్యం అతని వైపు ఒకసారి చూసి ముఖం తిప్పుకున్నాడు. మూడు తరాలుగా కడుతున్న ఇంటికి వచ్చి ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదన్నాడు. అతన్ని పంపించెయ్యమని కూతురికి చెప్పి లోపలికి పోయాడు.

మునిచంద్ర తర్వాతి ఆదివారమూ వచ్చాడు. కోమలి పంపించేసింది. పంపించడం మానలేదు గానీ, మొదటివారం నిలబెట్టి పంపింది, రెండోవారం మజ్జిగ ఇచ్చి పంపింది, మూడోవారం వానొచ్చింది. వానలో ఎవరినైనా ఎలా పంపుతాం?

ఇద్దరూ పంచలో రేకుల కింద నిలబడ్డారు. జల్లు కొడితే అతను ఆమె వైపు జరిగేవాడు, జల్లు ఆగినా వెనక్కి జరిగేవాడు కాదు. దోమలు తనకు ఒక కాలే కుడతాయని, అందులో సగం కష్టం తప్పిందని చెప్పుకున్నాడు. ఆ సగం దోమలూ రెండో కాలికే చేరుకుంటాయి కాబట్టి లాభమేమీ లేదని కోమలి తేల్చింది. అతను నవ్వుతుంటే ఓరకంట చూసి, తను చూడటం అతను చూశాడని తెలిసి, వాన వైపు తిరిగింది. అలా తిరిగే, చిన్నప్పుడు ఆ వాపుకు కట్టు ఎవరు కట్టారని అడిగింది.

మునిచంద్ర లోపలి బల్ల వైపు చూశాడు.

"ఈడే. మాయమ్మ ఎత్తుకోనొచ్చింది. రెండు నెలలు మీ నాయనే కట్టినాడు. ఆయన చెయ్యి తగిల్తే నొప్పి తగ్గినట్టే ఉండేది, లోపల జబ్బు పెరిగేది. ఆయనకూ తెలీదు, మాయమ్మకూ తెలీదు. నిలదీయడానికి వచ్చినాననుకుంటాడేమోనని అన్ని చోట్లకూ పోయి ఈడికి ఆఖర్న వచ్చినా."

కోమలికి అతనంటే ఇష్టం. అది రెండో ఆదివారానికే ఆమెకు తెలుసు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఆ మాట అంటుంది? ఇంక రావద్దని చెప్పింది. అతను ఎందుకని అడగలేదు. వాన పూర్తిగా తగ్గకముందే బస్సెక్కాడు.

రెండు ఆదివారాలు అతను రాలేదు. ఆ రెండు ఆదివారాలూ కోమలి జనాన్ని వరుస తప్పి పంపి తండ్రి చేత చీవాట్లు తింది.

తర్వాత ఒక మంగళవారం, ఇటుకల బట్టీలో పనిచేసే ఆనందమ్మ తన కూతురు రూపశ్రీని తీసుకొచ్చింది. పిల్లకు మోకాలి పైన వాపు. బడిలో ఎక్కడో పడి ఉంటుందని తల్లి అంది. సుబ్రమణ్యం పసరు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. కోమలి ఆనందమ్మను కాదని పిల్లనే అడిగింది.

"యాడ పడినావమ్మా?"

"నేను పడలేదక్కా. రేత్రిళ్లు నొప్పి లేస్తాది."

కోమలి తండ్రి మణికట్టు పట్టుకుంది. "కట్టొద్దు నాయనా" అంది.

కొట్టంలో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. కట్టు కట్టే చేతిని పట్టుకున్నవాళ్లు ఆ ఇంట్లో ఇంతవరకు లేరు. సుబ్రమణ్యం విదిలించుకుంటాడనే అందరూ అనుకున్నారు. ఆయన విదిలించలేదు. పసరు గిన్నె పక్కకు జరిపాడు. ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

తల్లీబిడ్డలను తీసుకుని కోమలి తిరుపతి బస్సెక్కింది. దారిలో మునిచంద్రకు ఫోన్ చేసింది. పరీక్షల్లో భయపడిన జబ్బే బయటపడింది. కాకపోతే తొందరగా వచ్చారని, మందులు బాగా పనిచేస్తే కాలు తీయకుండా ఆపరేషన్ చేయొచ్చని డాక్టర్లు అన్నారు. ఇంటి దగ్గర మాత్రం తండ్రి కోమలితో మాట్లాడటం మానేశాడు.

వారం తిరిగాక ఆయన క్యారియర్ పట్టుకుని వార్డు గుమ్మంలో నిలబడ్డాడు. రూపశ్రీ మంచం మీద క్యారమ్స్ ఆడుతూ మునిచంద్రను ఓడిస్తోంది. కోమలి పిల్ల పక్కన ఉంది. సుబ్రమణ్యం క్యారియర్ ఆనందమ్మకిచ్చి, మునిచంద్రకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నిన్ను ఆ పొద్దే గుర్తుపట్టినా. నా చేత్తో కట్టిన బిడ్డను మరిసిపోతానా? నీ ముఖం సూడలేకనే పంపించెయ్యమన్నా."

తర్వాత కూతురి వైపు తిరిగాడు. "ఈ పిల్లోడంటే నీకు ఇష్టమని తెలుసు. ఇస్తానందామంటే, కాలు పోగొట్టి బదులు కూతుర్ని ఇచ్చినాడంటారు జనం. వాళ్లదాకా ఎందుకు, నాకే అట్ల అనిపిస్తాది."

తనకూ అదే భయమని మునిచంద్ర తల దించుకుని ఒప్పుకున్నాడు. అందుకే రావద్దంటే ఎందుకని అడగలేకపోయానన్నాడు.

కోమలికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"బదులివ్వడానికి నేనేమన్నా సామానా నాయనా? నువ్విచ్చేది లేదు, ఆయన తీసుకునేది లేదు. నాకు ఈ మనిషి కావాల. ఆయనకు ఇష్టమయితే సరే అనమను, నీకు ఇష్టమయితే దీవించు."

మునిచంద్ర వెంటనే సరే అన్నాడు. మరీ వెంటనే అన్నాడు కాబోలు, రూపశ్రీ కిసుక్కున నవ్వింది.

సుబ్రమణ్యం నవ్వలేదు. ఒక చెయ్యి కూతురి తల మీద పెట్టాడు, రెండోది అతని భుజం మీద వేసి కాసేపు అలాగే ఉంచాడు.

"ఆదివారం మీయమ్మను పిలుసుకోని రా అప్పా" అన్నాడు. "నిన్ను నా చేతిలో పెట్టింది ఆయమ్మ. ముందు ఆమెతో నీ కాలి సంగతి మాట్లాడాల. పెండ్లి మాట ఆ తర్వాతనే."