ఎర్రచుక్క పడిన పట్టీలు

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్న ఐదయ్యేసరికి మూడువేల మంది పరిగెడుతుంటారు. 2083లో ఇదేమంత వింత కాదు. వింతల్లా వాళ్ళ మొహాల్లోనే ఉంటుంది. ఒకాయన సగం నిద్రలో ఆవలిస్తూ పోతాడు. ఒకావిడ ఫోన్లో ఆడపడుచుని దులిపేస్తూ పోతుంది. ఇంకొకాయన పెసరట్టు పొట్లం విప్పుకుని తింటూ పోతాడు. కాళ్ళు మాత్రం వాటి దారిన అవి పోతుంటాయి. “బయల్దేరి ఎంతసేపయిందండీ?” అని అడిగారనుకోండి, “నాకేం తెలుసు, దాన్నడగండి” అని నడుముకున్న పట్టీ చూపిస్తారు.

ఆ పట్టీ పేరు పాదసారథి. అది రాకముందు ఈ ఊరు ఎలా ఉండేదో చెప్పాలి. ఊరంతా కదిలే బాటలు. నిలబడితే చాలు, అవే ఆఫీసులో దింపేవి. చాకిరీ అంతా యంత్రాలు చేసేవి కాబట్టి మనిషికి రోజుకి ఐదుగంటలే పని. మరి మిగతా టైముందిగా, కాస్త పరిగెత్తరాదటయ్యా అంటే, టైం లేదనేవారు! టైం లేదన్న సంగతి గంటసేపు చెప్పేవారు. బూట్లు కొనేవారు, అవి తొడుక్కున్న ఫోటో పదిమందికీ పంపేవారు, ఆ మర్నాడు ముసుగుతన్ని పడుకునేవారు. నలభై నిండకుండానే గుండెలు ఆగిపోయేవి.

అలా ఒకసారి ఆగిపోయి మళ్ళీ కొట్టుకున్న గుండె పైడిరాజుది. అప్పటికి వాడికి ముప్పైతొమ్మిదేళ్ళు. రోజూ నాలుగు కిలోమీటర్లు పరిగెత్తకపోతే రెండో దెబ్బకి మనిషి దక్కడని డాక్టరు మొహమ్మీదే చెప్పేశాడు. “సోమవారం నుంచి మొదలెట్టేస్తానక్కా” అని అక్కకి మాటిచ్చాడు పైడిరాజు. వారానికో సోమవారం వచ్చింది, పోయింది. పెళ్ళాం వరహాలు ఏడ్చింది, తిట్టింది, అన్నం మానేసింది. ఊహూఁ, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

వాడి అక్క నీలవేణి నరాల శాస్త్రవేత్త. తమ్ముడి కోసమే పట్టుబట్టి మూడేళ్ళలో పాదసారథి తయారు చేసింది. దాని కీలకం ఇదీ. వెన్నుపాములో కింది భాగాన సెంట్రల్ పాటర్న్ జనరేటర్ అనే నరాల అల్లిక ఒకటుంటుంది. నీలవేణి దానికి నడకముడి అని పేరు పెట్టింది. ఒక కాలు తర్వాత ఒక కాలు వేయించే లెక్క ఆ ముడికి పుట్టుకతోనే తెలుసు. మెదడు చెయ్యాల్సిందల్లా ‘పద’ అనడమే. ఆ ‘పద’ అనే మాట మెదడు అనకపోతే, పట్టీలో ఉన్న ప్రేరకం చిన్న కరెంటుతో అంటుంది. అంతే, కాళ్ళు లేస్తాయి. అయితే రోడ్డు మీద ఏ బండో అడ్డం వస్తే మనిషి ఆగగలగాలి కదా. అందుకని, మనిషి గట్టిగా వద్దనుకుంటే కరెంటు తగ్గిపోయేలా కూడా ఏర్పాటు చేసింది.

మొదట తయారైన వాటిలోంచి ఒకటి తెచ్చి తమ్ముడి నడుముకి తనే బిగించింది. మర్నాడు ఐదింటికి పట్టీ గుర్రుమని, “పైడిరాజుగారూ, బయల్దేరుతున్నాం” అంది. బయల్దేరాడు! రెండేళ్ళలో ఒక్క రోజు మానలేదు. పొట్ట తగ్గింది, రక్తపోటు దిగింది, డాక్టరు వాడి గుండె బొమ్మ చూసి ఇది ఎవరిదయ్యా అన్నాడు. వరహాలు ఆడపడుచు ఫోటోకి దండ వెయ్యబోతే, “బతికున్నానే తల్లీ, చంపకు” అని నీలవేణే ఆపాల్సి వచ్చింది.

అప్పుడు పట్టీ బకిల్ వదులైంది. బాగుచేసి ఇమ్మని పైడిరాజు అక్కకి ఇచ్చాడు. నీలవేణి ల్యాబులో దాన్ని విప్పింది. గుర్రుమనే మోటారు ఉంది. మాట్లాడే చిప్పు ఉంది. అడుగులు లెక్కపెట్టే మీటరు ఉంది. ప్రేరకం ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ గది. స్క్రూలు బిగించిన గుర్తు కూడా లేదు.

కూపీ లాగితే తేలింది. కరెంటు పరీక్షలో నెగ్గిన పట్టీ పెట్టె మీద చిన్న ఎర్రచుక్క పెట్టడం ఆ ల్యాబులో పద్ధతి. పట్టీలు మొదట తయారైన ఏడాది దసరాకి స్టోర్ కీపర్ దాలినాయుడు, యంత్రాలకి ఆయుధపూజ చేస్తూ, స్టోరులో ఉన్న ఆరువేల పెట్టెలకీ భక్తిగా కుంకుమబొట్టు పెట్టించాడు. అవి ఇంకా ప్రేరకం బిగించని పట్టీలు. సెలవులయ్యాక వచ్చిన ప్యాకింగు వాళ్ళు ఎర్రచుక్కలు చూసి, అన్నీ నెగ్గాయనుకుని పంపేశారు. నీలవేణి తమ్ముడికి తెచ్చిందీ వాటిలోదే. పాపం, దాలినాయుడిని ఏమనగలం? అమ్మవారికి వివక్ష లేదు కదా.

ఆ ఆరువేల పట్టీల పరుగు లెక్కలు తెప్పించి చూసింది నీలవేణి. అందరూ పరిగెత్తారు. రోజూ పరిగెత్తారు. కరెంటు ఉన్న పట్టీల వాళ్ళకి ఏమాత్రం తీసిపోకుండా పరిగెత్తారు.

ఆ కాగితాలు పట్టుకుని తిన్నగా డైరెక్టర్ సోమయాజి గదికి వెళ్ళింది. ఆయన అంతా చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఎవరికీ చెప్పకండి” అన్నాడు.

“అదేమిటి సర్! ఇంతకంటే శుభవార్త ఏముంది? వాళ్ళంతట వాళ్ళే పరిగెత్తారు. మనిషికి పట్టీ అక్కర్లేదని తేలింది కదా!”

“పట్టీ అక్కర్లేదు, నిజమే. లేచేది తను కాదనుకోవడం మాత్రం కావాలి. నాలుగు కిలోమీటర్లు ఎంతండీ, అరగంట. దానికి ముందు మంచం మీద లేద్దామా వద్దా అని తనతో తను పడే పోట్లాట ఉందే, మనిషిని అది చంపుతుంది. పట్టీ లేపుతోందనుకున్నాడు కాబట్టి ఆ పోట్లాట లేదు. మీరు నిజం చెప్పిన మర్నాడు అది మళ్ళీ మొదలవుతుంది.”

“మనుషుల్ని అంత తక్కువగా చూడకండి సర్.”

“నేను నలభై ఏళ్ళుగా నన్ను నేను చూసుకుంటున్నాను నీలవేణిగారూ” అన్నాడు సోమయాజి.

ఆయన మాట ఆమె చెవికెక్కలేదు. చిన్నప్పట్నించీ నిప్పులాంటి మనిషని పేరు. అబద్ధమాడితే నాలుక కరుచుకుంటుంది. ఊరికి చెప్పకపోయినా సొంత తమ్ముడి దగ్గర దాచడమేమిటనుకుని, ఆ ఆదివారం పొద్దున్నే బకిల్ బాగుచేసిన పట్టీ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది.

అక్క వచ్చేసరికి పైడిరాజు కిందటేడు తీయించుకున్న రక్తపరీక్ష పక్కన ఈ ఏటిది పెట్టి మురిసిపోతున్నాడు. వరహాలు చోడి అంబలి, అదే రాగి జావ, గ్లాసుల్లో పోస్తోంది.

“నాదేటుందక్కా, అంతా నీ పట్టీ చలవ” అన్నాడు.

ఆ మాటకే నీలవేణి మనసు చివుక్కుమంది. “ఒరే పైడీ, కాదురా. ఆ పట్టీలో ఏమీ లేదు. ఖాళీది. ఈ రెండేళ్ళూ పరిగెత్తింది నువ్వేరా!” అని, కుంకుమబొట్ల కథంతా చెప్పింది. చెబుతుంటే ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషం.

పైడిరాజు రక్తపరీక్ష కాగితాలు పక్కన పెట్టాడు.

“అంటే, ఆ తుపాను రోజున లేచింది కూడా నానేనా?”

“నువ్వేరా.”

“మోకాలు వాచినప్పుడూ?”

“నువ్వే.”

వాడు పొంగిపోతాడని ఆమె చూస్తోంది. వాడి మొహం వాడిపోయింది.

“ఎంత పని చేసినావే అక్కా.”

“నీ గొప్ప నీకు అప్పజెప్పాన్రా.”

“నాకెందుకే ఈ గొప్ప? రేపు మళ్ళీ లెగాల్సింది నానే కదా.”

వరహాలు అంబలి గ్లాసు వదిన ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పైడిరాజు లేవలేదు. ఒళ్ళు నొప్పులన్నాడు. ఆ మర్నాడు మబ్బు పట్టిందన్నాడు. ఆ తర్వాత, సోమవారం నుంచి అన్నాడు. నీలవేణి గబగబా ప్రేరకం ఉన్న పట్టీ తెచ్చి కట్టింది. ఐదింటికి అది గుర్రుమని, “పైడిరాజుగారూ, బయల్దేరుతున్నాం” అంది. వాడి కుడికాలు నిజంగానే లేచింది. వాడు దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసుకున్నాడు.

“ఇది లేపిందా, నాను లేపానా?”

“అదేరా, ఒట్టు!”

“అప్పుడూ అలాగే అనుకున్నాను కదక్కా” అన్నాడు. మనసులో వద్దనుకున్నాడు. కరెంటు తగ్గిపోయింది.

“మీరు వద్దంటున్నారు, ఆగుతున్నాను” అంది పట్టీ.

“చూశావా, నా మాట వింటోంది. ఇంక నన్నెవడు పరిగెత్తిస్తాడు?” అని కాళ్ళు పైకి ముడుచుకున్నాడు.

ఆఖరికి నీలవేణి, “నేనూ నీతో వస్తాను, ఇద్దరం పరిగెడదాం పద” అంది. రెండు రోజులు ఇద్దరూ పరిగెత్తారు. ఆమె జన్మలో పరిగెత్తిన రోజులు ఆ రెండే. మూడో రోజు ల్యాబులో మీటింగు. నాలుగో రోజు ఆవిడకి నడుం పట్టేసింది. ఇంత యంత్రం కనిపెట్టిన మహాతల్లికి తమ్ముడి ప్రాణం కోసం పొద్దున్నే అరగంట కుదరలేదండీ! అలాంటప్పుడు వాణ్ణి ఏ మొహం పెట్టుకుని తిడుతుంది?

పరుగు మానిన ఏడో నెలలో, ఒక బుధవారం పొద్దున్న, పైడిరాజు గుండె రెండోసారి ఆగింది. మళ్ళీ కొట్టుకోలేదు. అదే వేళకి మిగతా ఐదువేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది మంది ఖాళీ పట్టీలు కట్టుకుని ఎక్కడివాళ్ళక్కడ పరిగెడుతూనే ఉన్నారు. నిజం చెప్పే అక్క వాళ్ళకెవరికీ లేదు.

దినాలయ్యాక నీలవేణి వరహాలుని చూడ్డానికి వెళ్ళింది. వరహాలు పీట మీద కూర్చుని ఇద్దరు ఆడపిల్లల యూనిఫాంలు మడతపెడుతోంది. వదినని తిట్టిపోస్తే బాగుండేది. తిట్టలేదు.

“నాకూ రక్తపోటుందంట వదినా. డాక్టరు పరిగెత్తమన్నాడు. రోజూ లేద్దామనుకుంటాను, లేవలేకపోతున్నాను. పిల్లలకి ఇంక నేనొక్కదాన్నే ఉన్నాను. నాకో పట్టీ తెచ్చిపెట్టండి” అంది. చేతిలో యూనిఫాం పక్కన పెట్టి, “అందులో ఉన్నా లేకపోయినా, ఉందనే చెప్పండి. ఈసారికి అబద్ధమే చెప్పండి, మీకు దణ్ణం పెడతాను” అంది.

నీలవేణి ఆ రాత్రంతా నిద్రపోలేదు. అబద్ధం చెప్పే అవసరం లేకుండా చేద్దామనుకుంది. తెల్లారగానే ల్యాబుకెళ్ళి, ఒక పట్టీలో తన చేత్తో ప్రేరకం బిగించి, మూడుసార్లు కరెంటు పరీక్షించి, తిన్నగా తీసుకొచ్చి మరదలి నడుముకి కట్టింది.

“ఇందులో అంతా ఉందమ్మా. అదే నిన్ను లేపుతుంది” అంది.

వరహాలు ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత బకిల్ తీసి, పట్టీని మెల్లగా చుట్టి, ఆమె ఒళ్ళో పెట్టింది.

“ఇదీ ఖాళీదేనని మీ మొహమే చెప్తోంది. మీకు అబద్ధమాడ్డం రాదు వదినా” అని, పిల్లల యూనిఫాంలు మళ్ళీ ముందేసుకుని మడతపెట్టడం మొదలుపెట్టింది.