ఉత్తర గుమ్మం

డిసెంబరు ఇరవై ఒకటి... ఏడాది మొత్తంలోకీ అతి చిన్న పగలు! మధ్యాహ్నం మూడున్నరకే సూర్యబింబం నెత్తుటి ముద్దలా వెదర్‌కోంబ్ ఊరి గుట్టల వెనక్కి జారిపోతోంది. చర్చి సమాధుల మధ్య నిలిచిన పురాతన యూ వృక్షం మీద గుడ్లగూబ కర్ణకఠోరంగా అరిచింది... ఊరందరి చెవులూ చర్చి గంటగోపురం మీదే ఉన్నాయి. మగవాడు పోతే తొమ్మిదిసార్లు గంట కొడతారు, ఆడమనిషి పోతే ఆరు. ఇవాళ ఆరు వినాల్సి వస్తుందని అందరికీ తెలుసు.

ఆ గంట కొట్టాల్సింది చర్చి కావలి మనిషి డార్కస్. పోబోయేది ఆమె ఒక్కగానొక్క కూతురు కెజియా!

చర్చి లోపల, బాప్తిస్మపు తొట్టి పక్కన, చల్లటి రాతిపలకల మీద ఆ పిల్ల విల్లులా వంగి గిలగిల కొట్టుకుంటోంది. పళ్లు పటపటలాడుతున్నాయి. ఆ కంఠంలోంచి వెలువడుతున్న ఘోర హుంకారం ఆడపిల్లది కాదు... అసలు మానవమాత్రులదే కాదు!

అంతా ఆ సెప్టిమస్ క్రేల్ చలవే. చర్చి మరమ్మతులని చెప్పి లండన్ నుంచి ఊడిపడ్డాడు. మహా పండితుడట, వాడి మొహం! వందేళ్లుగా రాళ్లతో మూసి ఉన్న ఉత్తర గుమ్మాన్ని వచ్చీ రాగానే పగలగొట్టించాడు. ఆ గోడలో దొరికిన కపాలాన్ని, ఊడవడానికి వచ్చిన కెజియా చేతుల్లో పెట్టి ఏదో జపించాడు. అంతే... మూడు రోజులుగా పిల్ల పిల్లలా లేదు. పాదిరిగారు అడ్డుపడబోయి, ఒళ్లు తెలియని జ్వరంతో మంచమెక్కారు.

ఇప్పుడా మాంత్రికుడు అదే గుమ్మంలో కాళ్లు ఎడం చేసి నిలబడ్డాడు. చేతిలో కపాలం... దాని కంటిగుంతల్లో నీలిజ్వాలలు!

"ఇంకెంతసేపే ముసలీ! తొట్టి తాళం తీసి, ఆ నీళ్లు పట్టుకురా. ఈ కపాలంలో చుక్క పడితే చాలు, దీని ఒంట్లో ఉన్నది నాకు బానిస! నీ కూతురు నీకు దక్కుతుంది. పొద్దు గుంకిందో... దాని మెడ దానంతటదే విరుగుతుంది!"

ఏకశిలలో తొలిచిన ఆ తొట్టికి ఓక్ మూత, ఇనుప గొళ్లెం. ఇలాంటి నీచులు పవిత్రజలాన్ని ఎత్తుకుపోతారనే ఆరువందల ఏళ్ల నాడు పెద్దలు తాళం వేశారు. తాళంచెవి డార్కస్ మెడలో ఉంది. వాడికి లాక్కోవడం క్షణం పని... కానీ కావలి మనిషి తన చేత్తో తీయకపోతే అవి ఉత్త నీళ్లే!

'వీడు ఊరంతటినీ కాల్చుకుతింటాడు... తిననీ! నా బిడ్డ బతికితే చాలు!' అనుకుంది డార్కస్. కన్నకడుపు మరి. మెడలోంచి తాళంచెవి పైకి తీసింది.

అప్పుడు కనబడ్డాయి... క్రేల్ పాదాలు, సరిగ్గా గడప మీద!

కెజియా బాప్తిస్మం నాడు అత్తగారు వీపు మీద చరిచిన చరుపు గుర్తొచ్చింది. "దారిలో నిలబడ్డావేమే, బుద్ధిలేనిదానా! నీళ్లు పడగానే బిడ్డలోని దుష్టం ఉత్తరపు గుమ్మంలోంచే పోతుంది. ఎదురొచ్చినవాళ్లని వదుల్తుందా?" గుమ్మం మూసేసినా సరే, బాప్తిస్మం వేళ ఆ గోడ ముందు ఊళ్లో పసిపిల్లలు కూడా నిలబడరు.

"దొరా, పక్కకి జరగండి," అంది డార్కస్. "తొట్టి తెరిచినప్పుడు అక్కడెవరూ నిలబడరు."

క్రేల్ వికటంగా నవ్వాడు. "పదిహేడు భాషల్లో గ్రంథాలు నమిలి మింగినవాణ్ణి! నీ పల్లెటూరి కబుర్లు నాకా? నోర్మూసుకుని తియ్!"

చెప్పాల్సింది చెప్పింది. ఇక ఆమె తప్పేమీ లేదు.

కిర్రుమంటూ గొళ్లెం ఊడింది... మూత లేచింది! డార్కస్ దోసిలి నిండా నీళ్లు ముంచింది. కపాలం వైపు ఒక్క అడుగూ వెయ్యలేదు. "కెజియా!" అని గుండెలు పగిలేలా పిలుస్తూ కూతురి నుదుటి మీద కుమ్మరించింది.

ఫెళ ఫెళ ఫెళ...! చలికాలపు ఆకాశం నిలువునా చీలింది. పిల్ల నోట్లోంచి కారునలుపు ధూమం సుడులు తిరుగుతూ లేచింది... తొట్టిని చుట్టింది... వెనుదిరిగి ఉత్తరానికి దూసుకుపోయింది! దారికి అడ్డంగా ఉన్నది ఒక్కడే.

"వద్దు! నేను నీ యజమానిని! ఆగు...!"

ఆగలేదు. వాడి నోట్లోంచి, చెవుల్లోంచి లోపలికి దూరింది. ఎముకలు ఒక్కొక్కటే పటపటా విరిగాయి! కపాలం పిండైపోయింది. గడప మీద మిగిలింది బూడిద, ఒక జత బూట్లు.

"అమ్మా... చలేస్తోందే," అంది కెజియా. డార్కస్ కూతుర్ని ఒళ్లోకి లాక్కుని భోరుమంది.

అప్పటికప్పుడే జ్వరం దిగిన పాదిరిగారు, పిడుగు చప్పుడు విని దుప్పటితోనే పరుగెత్తుకొచ్చారు. గడప చూసి శిలువ గుర్తు వేసుకున్నారు. "ఎంత పాపాత్ముడైనా చచ్చిపోయాడు కదమ్మా. వెళ్లి తొమ్మిది గంటలు కొట్టు."

డార్కస్ కదల్లేదు. కూతురి తడి జుట్టు తన శాలువ కొంగుతో తుడుస్తూ అంది.

"తొమ్మిది గంటలు మనుషులకి కదండీ."

ఆ సాయంత్రం వెదర్‌కోంబ్‌లో ఏ గంటా మోగలేదు.