పాతిక దాటని బండి

ఇంటికి ఉన్నది ఒకటే గేటు. రోజూ పొద్దున ఎనిమిదింటికి దానికి అడ్డంగా తల్లి కరెంటు స్కూటరు. అద్దాలు తుడిచి, హారన్ నొక్కి చూసుకుని, హెల్మెట్ పట్టీ రెండుసార్లు లాగి చూసుకుంటే గాని ఆవిడ కదలదు. అంతవరకూ కొడుకు తన మోటారు సైకిల్ మీద కూర్చుని పళ్ళు కొరుక్కోవాలి. అతనిది ఇనప సామాన్ల కొట్టు. పది నిమిషాలు ఆలస్యంగా తెరిస్తే మేస్త్రీలు ఎదురు కొట్టుకి పోతారు. ఒకసారి పోయినవాళ్ళు మళ్ళీ రారు.

"అమ్మా, యుద్ధానికేమైనా వెళ్తున్నావా? కాస్త జరుపు."

"నిన్న నా బండి తీసుకెళ్ళి అద్దం తిప్పేశావు. సరిచేసుకోవద్దూ?"

"నా బండి షెడ్డులో ఉండబట్టి తీసుకెళ్ళాను. లేకపోతే ఆ నత్తని ఎవరు ముట్టుకుంటారు? మొన్న నిన్ను తోపుడు బండి దాటిపోయిందట."

"పోనీలే పాపం, దానికేం తొందరో."

వంటింటి కిటికీలోంచి కోడలు నవ్వింది. అతనికి ఒళ్ళు మండింది.

ఆవిడ ముప్పై ఏళ్ళు సర్కారు కౌంటరులో కూర్చుని, ఒక్క ముద్ర తక్కువైనా దరఖాస్తు వెనక్కి తోసేసిన మనిషి. బండి కొనేముందు చట్టం మొత్తం చదివింది. పాతిక కిలోమీటర్ల వేగం దాటని బండికి లైసెన్సు అక్కర్లేదు, నంబరు పలకా అక్కర్లేదు. అది కేంద్రం మాట. ఊళ్ళో మునిసిపాలిటీ మాట వేరు. అలాంటి బండి పెద్దరోడ్డు ఎక్కకూడదు, ఫుట్‌పాత్ అసలే ఎక్కకూడదు. అందుకని ఆవిడ పది నిమిషాల దూరానికి సందులన్నీ చుట్టి అరగంట పోతుంది. పోయేది ఊరి చివర, జనం పేపర్లూ పుస్తకాలూ చదువుకునే చదువుల గదికి. దాని తాళం చెవి ఆవిడ దగ్గరే ఉంటుంది. అటు బస్సు లేదు, మోకాళ్ళు నడవనివ్వవు. ఆ బండి లేకపోతే ఆవిడకి గుమ్మమే సరిహద్దు.

ఆ రోజు పన్నెండు కాకుండానే కోడలి దగ్గర్నుంచి ఫోను. "ఏవండీ, ఒక్కసారి రండి. అత్తయ్య ఆటోలో వచ్చారు. మాట్లాడటం లేదు."

బేరం మధ్యలో వదిలేసి, విసుక్కుంటూనే వచ్చాడు. తల్లి కుర్చీలో హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"పోలీసులు బండి పట్టుకున్నారు," అంది. "నలభై ఒకటిలో పోయానట. ఇది పాతిక దాటదయ్యా అన్నాను. మెషీన్‌లో అంకె చూపించాడు. అలా పోతే అది మోటారు వాహనమేనట. లైసెన్సేదీ, నంబరేదీ అని అడిగాడు. చుట్టూ జనం. నా దగ్గర చూపించడానికి ఏముంది?"

అతనికి అప్పుడు గుర్తొచ్చింది. నిన్న కుళాయిల పెట్టె ఆ బండి మీద తీసుకెళ్తూ, వెనకాల హారన్ల మోత భరించలేక మెకానిక్ దగ్గర ఆపాడు. దీని స్పీడు లాకు తీసెయ్ అన్నాడు. ఐదు నిమిషాల పని. మళ్ళీ పెట్టించాలన్న సంగతే మరిచిపోయాడు. తల్లి రోజూ లాగే పొద్దున యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి ఉంటుంది.

"పల్లంలో బ్రేకు పట్టడం మరిచిపోయి ఉంటాను," అందావిడ. "చెయ్యి చెప్పినమాట వినలేదు. ఇక బండి వద్దు. నీకూ గేటు ఖాళీ."

నోరు విప్పబోయి ఆగాడు. ఊరుకుంటే పోయేదేముంది? గేటు దగ్గర గొడవ ఉండదు, ఎవరు గుద్దుతారోనన్న దిగులుండదు. చెబితే పెళ్ళాం ముందు తల కొట్టేసినట్టవుతుంది. ఎటు చూసినా ఊరుకోవడమే లాభం.

ఆవిడ చదువుల గది తాళం చెవి బల్ల మీద పెట్టి, దాని కింద ఒక కాగితం పెట్టింది. "సాయంత్రం చదువుల గది వాళ్ళకి ఇచ్చిరా."

గుండ్రటి అక్షరాలు. 'వయసు మీద పడి చేతి అదుపు తప్పినందున ఈ బాధ్యత వదులుకుంటున్నాను.' కింద సంతకం, తేదీ.

ముప్పై ఏళ్ళలో ఒక్క తప్పుడు కాగితం మీద సంతకం పెట్టని చెయ్యి అది. తన మీద తానే అబద్ధం రాసుకుంది. అతని లెక్క అక్కడ తప్పింది.

"నీ చెయ్యి కాదమ్మా. నేనే. నిన్న లాకు తీయించాను."

కోడలు గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసింది. "ఇంతసేపూ బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డారా? ఆవిడ పడిపోయి ఉంటే?"

తల్లి మాత్రం తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. "నా చెయ్యి కాదా?"

"కాదమ్మా."

"నిజంగా కాదు కదూ?"

అప్పుడు ఏడ్చింది. అంత జనంలో రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. అతను పక్కన చతికిలబడి ఆ చెయ్యి పట్టుకున్నాడు. కాసేపటికి ఆవిడ చెయ్యి విడిపించుకుని అతని చెవి పట్టుకుంది.

"చెప్పులేసుకో. స్టేషనులో ఈ మాట నీ నోటితోనే చెప్పాలి."

చెప్పాడు. "కన్నతల్లి బండితోనా వ్యాపారం?" అని అధికారి అంటే తల వంచుకుని విన్నాడు. జరిమానా కట్టాడు. బండిని మెకానిక్ దగ్గరికి ట్రాలీలో వేయించి, లాకు పెట్టేదాకా పక్కనే నిలబడ్డాడు.

తిరుగుదారిలో ఆవిడ ముందు, అతను వెనక. ఆ వేగానికి మోటారు సైకిల్ గింజుకుంటోంది. వెనకాల హారన్లు. జేబులో ఫోను, కొట్టు దగ్గర ఎవరో ఎదురుచూస్తున్నారు. దాటేసి పోవడానికి సందు ఉంది. అతను దాటలేదు, ఇంకాస్త వెనకే ఉండిపోయాడు.

మలుపు దగ్గర ఆవిడ చెయ్యెత్తి, బండి పక్కకి తీసి ఆగింది.

"మళ్ళీ ఏమైందే అమ్మా?"

"వెనక వచ్చేవాడు అందుకునేదాకా ఆగాలి."

"అది కేంద్రం చట్టమా, ఊరి చట్టమా?"

"రెండూ కాదు. నాది," అని హెల్మెట్ పట్టీ మరోసారి లాగి చూసుకుంది.