మామగారు కట్టిన ఫ్రేమ్

“పదకొండుమంది మనవాళ్ల పేర్లు ఆ చిప్‌లో ఉన్నాయి. సరిహద్దు దాటిందా, పదకొండుమందీ పోయినట్టే,” అన్నాడు చీఫ్.

దాటిస్తున్నది డబుల్ ఏజెంట్ నెమలి. అందగత్తె, పైగా బురదలో సాగే సైక్లోక్రాస్ రేసుల్లో దిట్ట. రేసు ముగియగానే తన టైటానియం సైకిలుతో సహా విదేశీ ముఠా వ్యానెక్కేస్తుంది. ఆ సైకిలుకు రహస్యంగా, జాడ తెలిపే బీకన్ తగిలించడం ఏజెంట్ డేగ పని.

చిత్రమేమిటంటే, ఆ సైకిలు ఫ్రేమ్ కట్టింది డేగకు పిల్లనిచ్చిన మామగారే. ఆయన గంటసేపు బ్రీఫింగ్ ఇచ్చారు. భుజాన మోసేందుకు పై గొట్టం అడుగు చదును చేశానన్నారు, బురద ఇరుక్కోకుండా చక్రాల దగ్గర సందు వదిలానన్నారు, ఇంకా ఏమేమో అన్నారు. డేగ నల్లకళ్లద్దాల చాటున హాయిగా కునుకు తీశాడు. నిద్రలోనే తలూపడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

రేసు రోజు మెకానిక్ వేషంలో, మధ్యలో సైకిళ్లు మార్చుకునే పిట్‌లో నిలబడ్డాడు. నెమలి బురద పట్టిన టైటానియం సైకిలు అతని చేతిలో పడేసి, రెండోది ఎక్కి పోయింది. ఏడు నిమిషాల్లో చుట్టు తిరిగొస్తుంది. ఈలోగా ఇది కడిగి ఉంచాలి.

డేగ దర్జాగా బొత్తామంత మాగ్నెట్ బీకన్ తీసి ఫ్రేమ్‌కి అంటించాడు. జారి బకెట్లో పడింది. మళ్లీ అంటించాడు. మళ్లీ బుడుంగుమంది.

ఇయర్‌పీస్‌లో, ఆఫీసంతా వింటుండగా, మామగారి గొంతు వినిపించింది. “టైటానియానికి అయస్కాంతం అంటదు, అల్లుడుగారూ. మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ తలూపారు.”

డేగకు ఆ బకెట్లోనే తల ముంచేసుకోవాలనిపించింది. “బోల్టులో, మామయ్యగారూ?”

“అవీ టైటానియమే. నా ఫ్రేమ్‌లో ఇనుము ముక్క ఉండదు.”

అయితే అయస్కాంతం ఎక్కడ అంటితే అక్కడున్నది మామగారిది కాదు. డేగ బీకన్‌ను గొట్టాల వెంట రాశాడు. సీటు గొట్టం మధ్యలో టక్కున పట్టేసింది. లోపల ఇనుప గుళిక, అందులోనే చిప్. సీటు ఊడబీకి, బయటినుంచే అయస్కాంతంతో దాన్ని పైదాకా ఈడ్చుకొచ్చి జేబులో వేసుకున్నాడు. బీకన్‌ను గొట్టంలోకి వదిలి సీటు బిగిస్తుండగా నెమలి రానే వచ్చింది.

ఎక్కి కూర్చుని కళ్లు చిట్లించింది. “సీటు ఒక వేలు దిగింది.”

“బురద బరువండీ,” అన్నాడు డేగ.

చెవిలో మామగారి నిట్టూర్పు వినబడింది. వెనకనుంచి మరో పోటీదారు తరుముకొస్తోంది కాబట్టి సరిపోయింది, నెమలి దూసుకుపోయింది. సాయంత్రానికల్లా బీకన్ జాడన మొత్తం ముఠా దొరికింది.

పతకం ఇచ్చిన సభలో చీఫ్ ‘డేగగారి అయస్కాంత వ్యూహం’ అని పొగుడుతుంటే, అంతా విన్న ఆఫీసువాళ్లు ఒక్కరూ నవ్వలేదు. అదే మరీ ప్రాణం తీసింది. డేగ బూట్లకేసి చూస్తూ నిలబడ్డాడు.

మామగారు నింపాదిగా వచ్చి, జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి పతకానికి ఆనించారు. అంటుకుంది.

“ఇది ఇనుము, అల్లుడుగారూ.”

డేగ తలూపాడు. ఈసారి మెలకువగానే.