మూడో దర్వాజ

ఆ ఖిల్లా మీద మూడో దర్వాజకు మంచి పేరు లేదు. మేకలు కాసేవాళ్లు పొద్దు వాలకముందే మందను దాని కిందికి దించేస్తారు. కొండ కింద చాయ్ అమ్మే పోశవ్వ, ఖిల్లా చూడటానికి వచ్చిన వాళ్లందరికీ గ్లాసు చేతికిస్తూ ఒకటే మాట చెబుతుంది.

"పొద్దుగూకినంక ఆడ నిలవడకుండ్రి బిడ్డా. మనసు ఏది ఇనాలనుకుంటే గదే ఇనవడ్తది..."

గోదావరిఖని నుంచి వ్యాన్ మాట్లాడుకుని వచ్చిన రిటైరైన కార్మికులు పగలబడి నవ్వారు. బతుకంతా బొగ్గుబాయి చీకట్లో గడిపినవాళ్లు! వాళ్లను దెయ్యం ఏం చేస్తుంది? చలికాలం వస్తే ఆదివారం ఏదో ఒక కోటో, పాత గుడో చూసి రావడం వాళ్ల కొత్త సరదా.

నవ్వనివాడు సదయ్య ఒక్కడే. భయపడి కాదు, మొగిలి మీద కోపంతో. చెల్లెలు శోభ మొగుడే ఈ మొగిలి. రిటైరయ్యాక కెమెరా కొన్నాడు. కొన్నవాడు ఊరుకున్నాడా — సదయ్య వ్యాన్లో నోరు తెరిచి గురక పెడుతుంటే ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మనవళ్ల దాకా పోయింది ఆ ఫోటో. మొగిలి తప్పు ఒప్పుకునేదాకా వాడితో మాట్లాడనని సదయ్య ఒట్టేసుకున్నాడు.

సాయంత్రం అందరూ కొండ దిగారు. మొగిలి దిగలేదు. పొద్దుగూకే ఫోటో తీస్తానని పైనే ఉండిపోయాడట.

"నువ్వన్న పోయి తోల్కరా అన్నా..." మొగుడితో పాటు వచ్చిన శోభ బతిమాలింది.

తిట్టుకుంటూ ఎక్కాడు సదయ్య. మూడో దర్వాజ చేరేసరికి చీకటి పడిపోయింది. దర్వాజ పక్కన, కింద వ్యాన్ ఆగిన వైపు తెరుచుకుని, ఒక సొరంగం. లోపల... లైటు.

గుండ్రంగా తిరిగింది. ఆగింది. మళ్లీ తిరిగింది.

సదయ్య గుర్తుపట్టాడు. బాయిలో వాళ్ల షిఫ్టువాళ్లు పెట్టుకున్న గుర్తు అది. పైనుంచి బండ కూలి కింద ఇరుక్కున్నవాడికి అరవడానికి ఊపిరుండదు. లైటు తిప్పితే — ఇరుక్కుపోయాను, జల్ది రండి అని. ఆ గుర్తు తెలిసినవాడు ఈ కొండ మీద మొగిలి తప్ప ఇంకెవడున్నాడు?

లోపలికి అడుగు వేయబోయాడు.

"బావా..."

వెనక నుంచి. మొగిలి గొంతే. కానీ ఎంతో మెత్తగా...

"అటు పోకు బావా. నేను ఈడున్న."

"మరి లోపల లైటు ఎవల్ది?"

"ఎవల్దైతే మనకేంది... తప్పు నాదే బావా. ఆ ఫోటో పెట్టుడు నాదే తప్పు. మాఫ్ చెయ్యి."

సదయ్యకు ప్రాణం లేచొచ్చింది. మొగిలి నోట తప్పన్న మాట! చచ్చినా ఒప్పుకోని మనిషి! ఆ సంబరంలో లైటు సంగతే మరిచిపోయాడు. చీకట్లో చెయ్యి చాచాడు. ఒక చెయ్యి వచ్చి అందులో పడింది. మంచులా ఉంది. చలి కదా, అనుకున్నాడు.

దిగుతున్నంతసేపూ సదయ్యే మాట్లాడాడు. కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. పక్క నుంచి "ఊ... ఊ..." వినిపిస్తూనే ఉంది.

వ్యాన్ వెలుతురు మీద పడింది. శోభ పరుగెత్తుకొచ్చింది.

"ఒక్కనివే వచ్చినవేందన్నా? ఆయనేడి?"

"కండ్లు కనవడ్తలేవా? గిదో—"

పక్కకు తిరిగాడు. ఎవరూ లేరు.

పైన సొరంగంలో లైటు గుండ్రంగా లేచింది. ఈసారి నెమ్మదిగా... సగం తిరిగి... పడిపోయింది.

"మొగిలీ!"

కొండ వైపు దూకబోయాడు సదయ్య. చెయ్యి విడిపడి రాలేదు. ఆ చల్లటి పట్టు ఇంకా బిగిసింది. చెవి పక్కనే, మెత్తగా...

"వ్యాన్ ఎక్కు బావా. ఇంటికి పోదాం."